బెరడు కింది మగ్గం

లింగమూర్తి జల్లెడను నేలకు జానెడెత్తున పట్టుకుని ఎడమకు మూడుసార్లు, కుడికి మూడుసార్లు తిప్పి ఆపాడు. కింద పరిచిన తెల్లబట్ట మీద ఆకుల పొడి, నల్లమట్టి రవ్వలు, రెండు చీమలు, ఒక రోకలిబండ పురుగు పిల్ల పడ్డాయి. గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఒళ్లు కదలకుండా కళ్లను మాత్రం ఆ బట్ట మీద నడిపించాడు. తొందర మనిషికి ఈ పని చేతకాదు. చీమలు వాటి దారిన అవి పోయాయి. రోకలిబండ చుట్ట చుట్టుకుంది. ఇంకాసేపటికి నువ్వుగింజంత గోధుమరంగు నలక ఒకటి, ఎవరూ ముట్టుకోకుండానే, వెనక్కి నాలుగడుగులు వేసింది. దాన్ని తడి కుంచె మొనతో ఎత్తి సీసాలో వేసి, మళ్లీ జల్లెడ అందుకున్నాడు.

ఆ నలకకు ఎనిమిది కాళ్లు, ఒంటికంటే పొడుగైన రెండు పట్టుకార్లు ఉంటాయి. ఎదురుగా చూస్తే అచ్చం తేలే. తోక లేదు, కొండి లేదు, మనిషిని ఏమీ చేయలేదు. ఆకుచెత్తలోనూ చెట్ల బెరడు కిందా తిరుగుతూ తనకంటే చిన్న పురుగులను తిని బతుకుతుంది. హిమశ్రీ మేడం దాన్ని సూడోస్కార్పియన్ అంటుంది. లింగమూర్తి నోటికి అది పట్టక మొదటి వారంలోనే ‘పేను తేలు’ అని పేరు పెట్టేశాడు. ఇప్పుడు కాలేజీలో గుజరాతీ పిల్లలు కూడా పేను తేలు అనే అంటారు, ఆ మాటకు అర్థమేమిటో తెలియకపోయినా.

కాలేజీ కిమ్ స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని వెనక తొమ్మిదెకరాల చెట్లతోపు. చింత, వేప, టేకు, తుమ్మ, ఎవరూ నాటని ఇంకా ఏవేవో. లింగమూర్తి రోజూ సూరత్‌లోని లింబాయత్ నుంచి నడిచి ఉధనా స్టేషన్‌లో లోకల్ ఎక్కి, సాయణ్, కుడ్సద్ దాటి ఎనిమిదింటికల్లా ఇక్కడ దిగుతాడు. యాభై ఎనిమిదేళ్లవాడు. సన్నగా, కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి దగ్గరగా చెబితేనే వినిపిస్తుంది. ముప్పై రెండేళ్లు సాంచాల మధ్య, అంటే పవర్‌లూమ్‌ల మధ్య, నిలబడిన వాళ్లందరి చెవులూ ఇంతే. కళ్లు మాత్రం దేవుడిచ్చిన కళ్లు. ఎనిమిది సాంచాల అవతల పడుగులో పోగు తెగితే, ఇక్కడి నుంచి చూసి నడుచుకుంటూ వెళ్లి అతికి వచ్చేవాడు.

సాంచాల కార్ఖానా కొత్త మిషన్లు తెచ్చుకుని పాత పనివాళ్లను వద్దన్నాక, లింగమూర్తి ఈ కాలేజీలో తోటపనికి కుదిరాడు. ఐదేళ్లు మొక్కలకు నీళ్లు పోశాడు. అప్పుడు రాజమండ్రి నుంచి హిమశ్రీ మేడం జంతుశాస్త్రం చెప్పడానికి వచ్చింది. వచ్చిన వారానికి తోటమాలులందరి ముందూ ఒక పళ్లెం నిండా ఆకుచెత్త పోసి, ఇందులో కదిలేది ఎవరికైనా కనబడుతోందా అని అడిగింది. మిగతావాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లింగమూర్తి వేలితో ఒకచోట, ఇంకొకచోట, మరొకచోట చూపించాడు. ఆ రోజు నుంచి అతని పని జల్లెడ, కుంచె, సీసాలు. నాలుగేళ్లయింది.

“ముప్పై రెండేండ్లు బట్ట నేసినవ్, ఇప్పుడు పేండ్లు ఏరుతున్నవ్. ఇంగ తల దువ్వుడే మిగిలింది,” అంటుంది భార్య సమ్మక్క, పొద్దున డబ్బాలో జొన్నరొట్టె సర్దుతూ. లింగమూర్తి వినబడనట్టు ఊరుకుంటాడు. చెవుడు వల్ల కలిగే సుఖాల్లో ఇదొకటి.

ఆకుచెత్త అయిపోయాక బెరళ్ల వంతు. అతను కత్తి తీసుకుని పెద్ద చింతచెట్టు దగ్గరికి వెళ్లాడు. మొదలుకు మూరెడెత్తున, బెరడు పొర మీదుగా చెట్టు చుట్టూ ఒక నూలుదారం కట్టి ఉంది. ముడి విప్పి, బెరడును గోటితో మెల్లగా పైకెత్తాడు. లోపల చెక్కను అంటుకుని కందిబద్దంత తెల్లటి పట్టుగది. గోడ మీద పొట్టు రేణువులు అద్ది ఉన్నాయి, అందువల్ల చూసే కన్నుకు తప్ప మామూలు కంటికి ఆనదు. వెలుగు పడగానే లోపల ఏదో నీడ సర్దుకుంది. లింగమూర్తి తృప్తిగా తలాడించి, బెరడును మళ్లీ దాని చోట అదిమి, దారం చుట్టి ముడి వేశాడు.

ఈ పని అతను నాలుగేళ్లుగా చేస్తున్నాడు. వానలు ముదిరాక తోపులో ఎక్కడ పట్టుగది కనబడినా, ఎత్తిన బెరడు ఊడి పడకుండా దారం కట్టి వదిలేస్తాడు. ఆ దారాలు చూసి కాలేజీలో అందరూ అవేవో నోము దారాలనుకున్నారు. గుమస్తా తల్లి ఒకామె ఒక చెట్టుకు కుంకుమ కూడా పెట్టి వెళ్లింది. లింగమూర్తి ఎవరినీ కాదనలేదు.

మొదటిరోజే మేడం చెప్పింది, సాలీడు గూళ్లు తేవద్దు, నడిచేవే తెమ్మని. ఇవి సాలీడు గూళ్లు కావని అతనికి తెలుసు. ఒక ఆదివారం కూలి లేకపోయినా వచ్చి, ఈ చెట్టు దగ్గరే కూర్చుని సాయంత్రందాకా చూశాడు. సాలీడు వెనకనుంచి పోగు తీస్తుంది. పేను తేలు నోటినుంచి తీస్తుంది. ముందు పొట్టు రేణువులు తెచ్చి చుట్టూ గోడ పేర్చుకుంది. తర్వాత లోపలినుంచి తల అటూ ఇటూ ఆడిస్తూ, మగ్గంలో నాడె తిరిగినట్టే, ఆ గోడకు పట్టు పూసింది. చివరి కంత కూడా లోపలినుంచే మూసేసుకుంది. తర్వాత దానికి తిండి లేదు, నీళ్లు లేవు. మూడు నాలుగు వారాలకు గది తెరుచుకుని తల్లీ పిల్లలూ బయటికొచ్చేవి. ఆ సంగతి ఇంటికెళ్లి సమ్మక్కకు చెప్పాడు. మేడంకు చెప్పలేదు. ఆమె అడగలేదు, చెవిటివాణ్ని ఎవరూ పెద్దగా ఏమీ అడగరు. అసలు కారణం అది కాదని మాత్రం అతనికి లోపల తెలుసు.

మధ్యాహ్నం రెండింటికి సీసాలు తీసుకుని ల్యాబ్‌కు వెళ్లేసరికి హిమశ్రీ బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుని ఉంది. ఆమె తన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ముప్పై మూడేళ్ల మనిషి, ఎప్పుడూ గబగబా మాట్లాడే మనిషి, ఇవాళ నెమ్మదిగా లేచి వచ్చి అతని కుడివైపు కుర్చీలో కూర్చుంది.

“నాలుగింటికి ట్రస్టీల మీటింగ్, లింగమూర్తి గారూ. తోపంతా తీసేసి హాస్టల్ కడతారట. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు.”

“ఏం జెప్తరు మేడం?”

“అదే తెలీట్లేదు. ఈ జాతి ఇక్కడే గుడ్లు పెట్టి ఇక్కడే పెరుగుతోందని చూపిస్తే ఆగుతారు, పెద్ద ట్రస్టీ గారు ఆ మాట ఇచ్చారు. ఊరికే తిరుగుతోందంటే, ఇంకోచోట తిరుగుతుందిలే అంటారు.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నాలుగేళ్లు! వానలు ముదిరేసరికి ఆడవన్నీ ఎటో మాయమైపోతాయి. గుడ్ల సంచితో ఉన్న తల్లిని ఒక్కదాన్ని చూపించలేను. గుడ్లు పెట్టడానికి ఇవి చెట్లు దిగి వెళ్లిపోతాయేమోనని ఒక రీసెర్చ్ పేపర్లో రాశాను కూడా, అచ్చయింది. తోపు పోతే నా పనీ పోయింది, మీ పనీ పోయింది.”

డబ్బా విప్పి తుంచిన రొట్టె ముక్క లింగమూర్తి చేతిలో అలాగే ఉండిపోయింది.

అతనికి పదహారేళ్లప్పుడు జగిత్యాల పక్క ఊళ్లో అతని బాపు మగ్గం మీదే కూలి చనిపోయాడు. మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఉంది. పడుగు తెచ్చిచ్చిన సావుకారు మూడోరోజే గడపలోకి వచ్చాడు. పెళ్లికి ఎనిమిది రోజులే ఉంది, పడుగు కోసిస్తే వేరే ఇంట్లో నేయిస్తానన్నాడు. అవ్వ, అంటే తల్లి, పదకొండో రోజు కర్మదాకా ఆగమంది. ఆయన ఆగలేనన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు, పెళ్లికూతురు ఆ వీధి పిల్లే. వాళ్ల వీధిలో ఒక రివాజు ఉండేది. ఒకరి మగ్గం మీది బట్టను నడుమ కోయకూడదు. తప్పనిసరై కోస్తే, కోసినవాడు ఆ మగ్గం మీంచి లేవాలి, మళ్లీ దాని మీద కూర్చోకూడదు. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. లింగమూర్తి కత్తి తెచ్చి తనే కోశాడు.

ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. ఆ మగ్గం తమ్ముడిదైంది. లింగమూర్తి మరుసటేడు మేనమామతో సూరత్ రైలెక్కాడు. ఇక్కడ సాంచాలకు రివాజులు లేవు. బట్ట ఎవరిదీ కాదు, ఎన్ని తానులు కోసినా అడిగేవాడు లేడు. ముప్పై రెండేళ్లు అలా గడిచాయి. తను చేసింది తప్పో ఒప్పో అతనికి ఇప్పటికీ తేలలేదు. పెళ్లికూతురు చీర కట్టుకునే పీటల మీద కూర్చుంది, అదీ నిజమే. కానీ ఇంకొకసారి మాత్రం ఎవరి మగ్గం మీదా చెయ్యి వేయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇంత వయసొచ్చాక, ఒక చింతచెట్టు బెరడు కింద, ఒంటరిగా కూర్చుని నేసుకుంటున్న ఒక ప్రాణి కనబడింది. దాని మగ్గం దానిది. అందుకే దారం కట్టాడు, అందుకే చెప్పలేదు.

ఇప్పుడు ఎదురుగా ఈ పిల్ల కూర్చుని ఉంది. నాలుగేళ్లుగా నేస్తున్న బట్ట ఆమె మగ్గం మీద సగంలో ఉంది. నాలుగింటికి ఎవరో కత్తి తెస్తారు. చెప్పకపోతే ఆమెది తెగుతుంది. చెబితే పేను తేలుది తెగుతుంది. ఏదీ తెగకుండా సాయంత్రం గడిచే దారి అతనికి తోచలేదు.

“గవి యాడికీ పోవు మేడం,” అన్నాడు.

“ఏంటి?”

“గాడనే ఉంటయి. ఇల్లు గట్టుకొని లోపల గూసుంటయి. దారాలు గట్టిన కాడల్ల ఉన్నయి.”

హిమశ్రీ కుర్చీలో ముందుకు జరిగింది. “ఆ దారాలు... మీరు కట్టారా? ఎన్నున్నాయి?”

“ఇయ్యాల పదకొండు.”

“నాలుగేళ్లలో?”

“లెక్క వెట్టలే. మస్తు.” అతను తల దించుకున్నాడు. “గూళ్లు తేవొద్దని మీరే అంటిరి. గని అవి సాలీనివి కావని నాకు ఎర్కే. తప్పు నాదే మేడం. జెప్పలే.”

ఆమెకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? బల్ల మీద అరచేత్తో కొట్టి, ఇంగ్లీషులో ఏదో గట్టిగా అని, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. లింగమూర్తి రొట్టె డబ్బా మూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె తిరిగొచ్చి, ముక్కు తుడుచుకుని, భూతద్దమూ సూదులూ స్పిరిట్ సీసా సంచిలో వేసుకుంది.

“పదండి. రెండున్నర అవుతోంది.”

పెద్ద చింతచెట్టు దగ్గర అతను ముడి విప్పి బెరడు ఎత్తాడు. హిమశ్రీ భూతద్దం కంటికి ఆనించుకుని వంగింది, చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆమె మొహంలో కోపం లేదు. చిన్నపిల్లలా నవ్వుతోంది.

“ఎంత బాగా కట్టుకుంది, లింగమూర్తి గారూ!”

“నోట్లకెల్లి తీస్తది మేడం, పోగు. లోపల్నుంచి నేస్తది.”

“మీరు చూశారా?”

“జూసిన. ఒకనాడు పొద్దుగూకేదాక.”

ఆమె అతన్ని వింతగా చూసింది. తర్వాత గడియారం చూసుకుంది.

“జర ఆగరాదుండ్రి మేడం. ఇంగో నాలుగొద్దులకు అదే తెరుసుకొని ఎల్లస్తది.”

“నాలుగు రోజులు ఎవరిస్తారు నాకు? ఫొటోలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనబడదు. ఏ జాతో చెప్పాలంటే తల్లి కావాలి, గుడ్ల సంచితో సహా, మైక్రోస్కోపు కింద. ఒక్కటి చాలు. మిగతా పదింటి జోలికి వెళ్లను.” ఆమె సూది తీసింది. “నేను విప్పుతాను. మీరు చూడొద్దులెండి, అటు తిరగండి.”

ఆమె సూదితో చెయ్యి గది దగ్గరికి చాపింది. ఆ చెయ్యి ఇంకా ముప్పై ఏళ్లు ఈ పని చేయాలి. కోసినవాడు లేవాలన్న రివాజు ఈమెకు తెలియదు, తెలిసినా నవ్వేస్తుంది. అయినా లింగమూర్తికి మనసొప్పలేదు. లేవవలసి వస్తే తను లేస్తాడు. ఈ పిల్ల కూర్చోవాలి.

“నాకియ్యుర్రి,” అని సూది అందుకున్నాడు.

గది అంచున, చెక్కకు అతికిన చోట, సూదిమొన దూర్చాడు. గట్టి నేత. దారాలు ఒకదాని మీద ఒకటి ఎన్ని వరసలు పోశాయో, మొన ఆగి ఆగి దిగింది. పోగు పోగూ తెగడం వేళ్లకు తెలుస్తూనే ఉంది. సగందాకా కోసి, పట్టును కుంచెతో పక్కకు తొలగించాడు. తల్లి అక్కడే ఉంది. వెనక్కి నడవడానికి చోటు లేదు దానికి. మీగడరంగు గుడ్ల సంచిని కడుపు కింద అదుముకుని, పట్టుకార్లు రెండూ ఎత్తి, కోసిన కంతకు అడ్డం పెట్టింది. లింగమూర్తి “తప్పైంది తల్లీ,” అని, కుంచె తడిపి, సంచి జారకుండా దాన్ని ఎత్తి స్పిరిట్‌లో వదిలాడు. కుంచెకు అంటుకున్న పట్టు ముక్క కూడా దానితోపాటే సీసాలోకి జారింది. కోత ఎక్కడా పక్కకు పోలేదు. అంత బాగా చేసినందుకే అతనికి ఎక్కువ బాధేసింది.

హిమశ్రీ సీసాను వెలుగుకు పట్టి చూసింది. “ఉంది! సంచి ఉంది!” అని అతని భుజం పట్టుకుని ఊపేసింది. “తోపు మిగిలితే మీ పేరు చెప్పుకోవాలి, లింగమూర్తి గారూ. పేపర్లో మీ పేరు వేస్తాను, చూడండి.”

“రేప్పొద్దుటి సంది నేను రాను మేడం.”

“రేపు రాకండి, సెలవు తీసుకోండి. ఎల్లుండి మిగతా పదీ మీరే నాకు చూపించాలి,” అంటూనే ఆమె కాలేజీ వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. సగం మాట అతనికి వినబడలేదు. మిగతా పది చెట్లూ తిరిగి ప్రతి దారమూ బిగువుగా ఉందో లేదో చూశాడు. ఆ తెగిన గది మీద కూడా బెరడు అదిమాడు కానీ, దారం మాత్రం కట్టలేదు. జల్లెడ కడిగి ఎండలో బోర్లించాడు. ల్యాబ్ తాళంచెవి వాచ్‌మన్ చేతికిచ్చి, నాలుగూ ఇరవై లోకల్ అందుకున్నాడు.

లింబాయత్ గదిలో సమ్మక్క కాళ్ల మీద ఆకుపచ్చ చీర పరుచుకుని, అంచుకు మెరుపు రాళ్లు అంటిస్తోంది. ఈ వేళకు ఇంట్లో కాలుపెట్టిన మనిషిని చూసి చేతిలో రాయి ఆపింది.

“ఏమైంది, గింత జల్ది వచ్చినవ్?”

“లేచిన,” అన్నాడు లింగమూర్తి.

వాళ్లిద్దరి పెళ్లి సూరత్‌లోనే అయింది. ఆ మాటకు అర్థం ఆమెకు అతను పెళ్లైన కొత్తలోనే ఒక్కసారి చెప్పాడు, ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఆమె అతని మొహంలోకి చూసింది.

“మల్లనా?”

అతను తలాడించాడు. సమ్మక్క లేచి నీళ్లిచ్చింది. చీర ఒకవైపు మడిచి, తన పక్కన చాప మీద చోటు చేసింది. ఎవరి కోసమని అడగలేదు, తప్పనీ ఒప్పనీ అనలేదు.

“కూసో. నీ కండ్లకు గీ రాళ్లు ఓ లెక్కనా? గని గమ్ తక్కువ పెట్టాలె, చీరకు మరక వడ్తది,” అంది, కుడి చెవి దగ్గర, గట్టిగా. లింగమూర్తి కూర్చుని ఒక రాయి తీసుకున్నాడు.

అక్కడ కిమ్‌లో మీటింగ్ అయ్యేసరికి ఆరు దాటింది. ట్రస్టీలు ఒకరి తర్వాత ఒకరు మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూశారు. పెద్ద ట్రస్టీ భార్య రెండుసార్లు చూసింది. రెండేళ్లదాకా తోపును ముట్టుకోకూడదని రాసుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి హిమశ్రీ లింగమూర్తికి మూడుసార్లు ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. చెవుడు కదా, ఎల్లుండి చెబుదాంలే అనుకుని, సీసాను కిటికీ పక్క బల్ల మీద పెట్టి, దీపం ఆర్పి తలుపు వేసింది.

సీసాలో తల్లి పట్టుకార్లు ఎత్తి ఉన్నట్టే అడుగుకు దిగింది. దాని పైన, గోటి మీద నిలిచేంత తెల్లటి నేత ముక్క, ఒక అంచు నున్నగా, ఒక అంచు సూదికి తెగిన పోగులతో, స్పిరిట్‌లో కరగకుండా అలాగే తేలుతోంది.